పాత కంప్యూటర్‌కు గడువు పెట్టేదెవరు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటికి ప్రపంచంలో విండోస్ వాడుతున్న కంప్యూటర్లలో దాదాపు 40 శాతం ఇంకా ఆ వెర్షన్ మీదే నడుస్తున్నాయని స్టాట్‌కౌంటర్ లెక్క. వాటిలో కొన్నింటికి విండోస్ 11 ఉచితంగా ఎక్కుతుంది. మిగిలినవాటికి నిబంధనల ప్రకారం ఎక్కదు. ఇలా ఎక్కనందువల్లే 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ 2023 డిసెంబర్‌లోనే అంచనా వేసింది. వాటిలో చాలావాటికి తెర వెలుగుతుంది, కీబోర్డు పనిచేస్తుంది, పిల్లల పాఠాలకూ దుకాణం లెక్కలకూ సరిపోయే సత్తువ ఉంది. వాటి ఆయుష్షును తేల్చింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటించిన తేదీ.

కొత్త కంప్యూటర్ కొంటే ఎవరికి లాభం అని అడిగితే లెనోవో, హెచ్‌పీ, డెల్, ఇంటెల్ పేర్లే ముందు నోటికొస్తాయి. పెట్టె అమ్మేది వాళ్లే కాబట్టి అది సహజం. కానీ పెట్టె చేయడానికి ఖర్చుంది. చిప్పులు కొనాలి, ఓడలకు ఎక్కించాలి, డీలరుకు కమీషన్ ఇవ్వాలి, వారంటీ మోయాలి. ఇవన్నీ పోగా తయారీదారుకు మిగిలేది పల్చటి లాభం. అదే పెట్టెలో ముందే ఎక్కించి వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంకో కాపీ తీయడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. ఏ ఊళ్లో ఎవరు పాతది పక్కన పెట్టి కొత్తది కొన్నా, ఏ బ్రాండు కొన్నా, అందులో విండోస్ ఉంటే ఆ అమ్మకంలో ఒక వాటా మైక్రోసాఫ్ట్‌కు చేరుతుంది. కొన్నవాళ్ల బిల్లులో అది విడిగా కనిపించదు.

ఒకప్పుడు ఈ ఏర్పాటు ఇంకా కరకుగా ఉండేది. 1990ల మొదట్లో మైక్రోసాఫ్ట్ చాలామంది తయారీదారులతో ప్రాసెసర్ లెక్కన ఒప్పందం రాయించుకునేది. కంప్యూటర్‌లో ఎంఎస్-డాస్ ఉన్నా, వేరే సిస్టమ్ ఉన్నా, అమ్మిన ప్రతి యంత్రానికీ మైక్రోసాఫ్ట్‌కు డబ్బు కట్టాల్సిందే. 1994 జులైలో అమెరికా న్యాయశాఖతో కుదిరిన రాజీతో ఆ పద్ధతికి తెరపడింది. తయారీదారుల అలవాటు మాత్రం మారలేదు. 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలో లినక్స్ వాడేవాళ్లు గుంపుగా మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లి, తాము వాడని విండోస్‌కు కట్టిన డబ్బు వెనక్కివ్వమని అడిగారు. విండోస్ వద్దన్నవాళ్లకు కూడా విండోస్ లేని ల్యాప్‌టాప్ దొరకడం అప్పట్లో అంత కష్టం.

ముందే ఎక్కించి వచ్చే విండోస్ లైసెన్సు ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. యంత్రం పోతే లైసెన్సూ పోతుంది. విడిగా, ఎక్కువ ధరకు కొన్న రిటైల్ లైసెన్సునైతే మరో కంప్యూటర్‌కు మార్చుకోవచ్చు, కానీ ఇళ్లల్లో అలా కొనేవాళ్లు అరుదు. కాబట్టి ఒకే మనిషి పదిహేనేళ్లలో మూడు ల్యాప్‌టాప్‌లు మారిస్తే మూడుసార్లు విండోస్ కొన్నట్టే. అదే మనిషి ఒక్క ల్యాప్‌టాప్‌ను జాగ్రత్తగా వాడుకుంటూ, ఎప్పటికప్పుడు ఉచితంగా కొత్త వెర్షన్‌కు మారుతూ పోతే లైసెన్సు కింద కంపెనీకి కొత్తగా వచ్చేది ఏమీ లేదు. పైగా ఆయన కోసం ఏళ్ల తరబడి లోపాలు సరిదిద్దాలి, ప్యాచ్‌లు పంపాలి, పాత చిప్పుల మీద పరీక్షలు చేయాలి. ఆదాయం యంత్రం కొన్న రోజున ఒక్కసారే వస్తుంది, ఖర్చు మాత్రం ఆ యంత్రం బతికున్నంతకాలం సాగుతుంది. చర్చ అంతా తిరగాల్సింది ఈ లెక్క చుట్టూ. కంపెనీ మంచిదా చెడ్డదా అన్న వాదంతో దీనికి పని లేదు. డబ్బు వచ్చే దారి ఇలా ఉన్నప్పుడు ఎంత మంచి సంస్థకైనా పాత యంత్రం భారంగానే కనిపిస్తుంది.

ఇందులో ఊహ ఏమీ లేదు. విండోస్ ఆదాయం కొత్త పీసీల అమ్మకాల మీద ఆధారపడి ఉంటుందని మైక్రోసాఫ్ట్ తన వార్షిక నివేదికల్లో తానే చెబుతుంది. కరోనా కాలంలో ఇంటింటికీ ల్యాప్‌టాప్ అవసరమైనప్పుడు ఆ ఆదాయం పెరిగింది, కొనుగోళ్లు చల్లబడగానే పడిపోయింది. విండోస్ 10 గడువు దగ్గరపడిన 2025లో మళ్లీ పుంజుకుంది.

లైసెన్సు డబ్బు మనకు కనిపించే మొదటి పొర. రెండో పొర, కొత్త యంత్రాన్ని మొదటిసారి తెరిచిన అరగంటలో ఉంటుంది. విండోస్ 11 హోమ్ ఎడిషన్ మొదలుపెట్టాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. బ్రౌజర్‌గా ఎడ్జ్, వెతకడానికి బింగ్, ఫైళ్లు దాచడానికి వన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటాయి. వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీ. డెస్క్‌టాప్ మీది ఫొటోలన్నీ అందులోకి చేరితే అది నిండటానికి ఎక్కువ కాలం పట్టదు, నిండాక నెలవారీ చందా కట్టమని సందేశం వస్తుంది. పాత కంప్యూటర్‌లో మనం ఎప్పుడో ఓపిగ్గా మార్చి పెట్టుకున్న ఎంపికలన్నీ కొత్తదాంట్లో మొదటికి వస్తాయి. ఈ మొదటి ఎంపిక విలువ ఎంతో 2023లో గూగుల్ మీద వాషింగ్టన్‌లో జరిగిన విచారణలో బయటపడింది. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండేందుకు గూగుల్ 2021లో ఒక్క ఏడాదే 26.3 బిలియన్ డాలర్లు చెల్లించింది. మనుషులు ఇచ్చినదాన్ని మార్చుకోరన్న నమ్మకం మీద పెట్టిన డబ్బు అది.

యాంటీవైరస్ కంపెనీల సంగతీ ఇంతే. కొత్త ల్యాప్‌టాప్‌లో ముప్పై రోజుల ఉచిత రక్షణ ఉంటుంది, ఆ తర్వాత ఎర్ర అక్షరాల హెచ్చరిక వస్తుంది. అలా తమ ప్రోగ్రామ్‌కు చోటిచ్చినందుకు తయారీదారుకు సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బిస్తుంది. పల్చటి లాభాల వ్యాపారంలో ఆ డబ్బు తక్కువేమీ కాదు. చందాలను చెప్పాపెట్టకుండా ఆటోమేటిక్‌గా పొడిగిస్తున్నారన్న ఫిర్యాదుల మీద 2009లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో సిమాంటెక్, మెకాఫీ చెరో 3,75,000 డాలర్లు కట్టి రాజీపడ్డాయి.

మూడో పొర బరువు. ఈ విషయాన్ని సూటిగా చెప్పినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన నిక్లాస్ విర్త్. పాస్కల్ భాషను సృష్టించిన ఈయన 1995లో రాసిన వ్యాసంలో, హార్డ్‌వేర్ వేగం పెరిగేదానికంటే సాఫ్ట్‌వేర్ మందగించేదే ఎక్కువగా ఉందని వాదించాడు. ఊరికే విమర్శించి ఊరుకోలేదు. సహచరుడు గుట్‌క్నెక్ట్‌తో కలిసి ఒబెరాన్ అనే పూర్తి వ్యవస్థను చాలా చిన్నగా కట్టి చూపించాడు. పరిశ్రమ ఆ దారిన పోలేదు. 1995లో విండోస్ 95కు కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలు. 2001లో ఎక్స్‌పీకి 64 ఎంబీ. 2009లో విండోస్ 7కు 1 జీబీ. విండోస్ 11కు 4 జీబీ, 2024 మేలో ప్రకటించిన కోపైలట్ ప్లస్ పీసీలకైతే 16 జీబీ. ఉత్తరం టైపు చేసుకోవడం, లెక్కలు వేసుకోవడం, సినిమా చూడటం ఈ ముప్పై ఏళ్లలో అన్ని వేల రెట్లు కష్టమైన పనులు కాలేదు. అయితే ఈ బరువంతా కుట్ర ఫలితం అనుకోవడమూ పొరపాటే. తెలుగు అక్షరాలు ఏ ప్రోగ్రామ్‌లోనైనా సరిగ్గా కనిపించడం, వీడియో కాల్స్, దొంగల నుంచి రక్షణ ఇవన్నీ జాగా అడుగుతాయి. మిగతాది మాత్రం తొందర. ప్రోగ్రామర్ సమయం ఖరీదు, వాడేవాళ్ల ర్యామ్ ఖరీదు కంపెనీ ఖాతాలో పడదు. అందుకే చాట్ యాప్ ఒక్కోటి తన కడుపులో ఒక బ్రౌజర్ మొత్తాన్ని మోసుకుంటూ వస్తోంది.

ఇక విండోస్ 11 షరతులు. ఇక్కడ కాస్త ఆగి చూడాలి. 2021 అక్టోబర్ 5న వచ్చిన ఈ వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టిన నియమాల్లో రెండు ముఖ్యం: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్. మొదటిదానికి వాదన బలంగా ఉంది. పాస్‌వర్డ్‌లను, డిస్క్ తాళాలను విడిగా దాచే చిప్ అది. కానీ 2016 జులై నుంచి విండోస్ 10తో అమ్మే కొత్త కంప్యూటర్లలో టీపీఎం 2.0 ఉండాలని మైక్రోసాఫ్టే తయారీదారులకు నియమం పెట్టింది. అంటే 2016, 2017లో అమ్ముడైన ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ చిప్ ఉంది. అయినా ప్రాసెసర్ షరతు దగ్గర అవి ఆగిపోయాయి. కనీస నియమాలకు సరిపోని యంత్రాల్లో సిస్టమ్ కుప్పకూలడం 52 శాతం ఎక్కువగా కనిపించిందని 2021 ఆగస్టులో కంపెనీ వివరణ ఇచ్చింది. అప్పుడే ఏడో తరం చిప్పుల్లో కొన్నింటికి మినహాయింపు కూడా ఇచ్చింది. అందులో ఒకటి 7820హెచ్‌క్యూ. అది మైక్రోసాఫ్ట్ తానే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2లో ఉన్న ప్రాసెసర్. సొంత యంత్రానికి దారి తెరవగలిగినప్పుడు, అదే తరానికి చెందిన మిగతా యంత్రాలకు ఎందుకు తెరవలేకపోయారన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు నాకు ఎక్కడా దొరకలేదు.

ఈ షరతు ప్రభావం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లు ఇలాంటి దుకాణాల్లోనే తుడిచి, బ్యాటరీ మార్చి, ఎస్‌ఎస్‌డీ వేసి అమ్ముతారు. ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకు, కోచింగ్‌కు వచ్చే కుర్రాళ్లకు మొదటి కంప్యూటర్ చాలాసార్లు ఇక్కడిదే. ఇప్పుడు అక్కడ బేరం మొదలయ్యేది తరం దగ్గరే. "అన్నా, సిక్స్త్ జెన్ చూపిస్తున్నవ్, ఎయిత్ జెన్ లేదా?" అని అడుగుతారు. "ఇది కూడా మంచిగ నడుస్తదన్నా, గని లెవన్ అధికారికంగ ఎక్కది" అన్నది జవాబు. రెండు ల్యాప్‌టాప్‌లూ పక్కపక్కనే ఉంటాయి, అదే కంపెనీవి, పదిహేను నెలల తేడాతో తయారైనవి. ఒకదానికి ధర నిలబడింది, రెండోదానికి కూలిపోయింది. కొడుకు చదువుకని దాచుకున్న డబ్బుతో వచ్చిన తండ్రికి ఆ తేడా ఎందుకో అర్థం కాదు. చవకగా వస్తుందని సిక్స్త్ జెన్ తీసుకుంటే, భద్రతా అప్‌డేట్లు లేని యంత్రం మీద ఆ పిల్లవాడు ఫీజు కట్టడానికి బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు.

భద్రత అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2017 మేలో వానాక్రై దాడి ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ప్యాచ్ లేని కంప్యూటర్ యజమానికే కాక, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ ప్రమాదం. కానీ ఆ దాడి నేర్పిన పాఠాన్ని పూర్తిగా చదవాలి. దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వి. అప్పటికి దానికి మద్దతు ఆగలేదు. రెండు నెలల ముందే ప్యాచ్ వచ్చింది, వేసుకోనివాళ్లే దెబ్బతిన్నారు. మద్దతు ఎప్పుడో ఆగిన ఎక్స్‌పీకి కూడా, డబ్బు కట్టిన పెద్ద ఖాతాదారుల కోసం తయారుచేసిన ప్యాచ్ మైక్రోసాఫ్ట్ దగ్గర ఉంది. దాడి మొదలయ్యాక దాన్ని అందరికీ విడుదల చేసింది. యంత్రం వయసు వల్ల కాదు, అప్‌డేట్ అందకపోవడం వల్లే ప్రమాదం వచ్చింది.

విండోస్ 10 విషయంలోనూ ప్యాచ్‌లు తయారవుతూనే ఉన్నాయి. ఇంటి వినియోగదారులకు 30 డాలర్లకు, లేదా సెట్టింగ్‌లను మైక్రోసాఫ్ట్ ఖాతాతో జతచేసుకుంటే డబ్బు లేకుండా, 2026 అక్టోబర్ 13 వరకు అప్‌డేట్లు ఇస్తామన్నారు. సంస్థలకైతే మొదటి ఏడాది కంప్యూటర్‌కు 61 డాలర్లు, ఆపై ఏటా రెట్టింపు, మొత్తం మూడేళ్లు. బడులకు మొదటి ఏడాది ఒక డాలరే. కర్మాగారాల్లో, వైద్య పరికరాల్లో వాడే ఐఓటీ ఎల్‌టీఎస్‌సీ ఎడిషన్‌కు 2032 జనవరి దాకా మద్దతుంది. అది కూడా విండోస్ 10 కుటుంబంలోనిదే. ఎలాగూ చేస్తున్న ప్యాచ్‌ను ఇంటివాళ్లకూ పంపడానికి అయ్యే అదనపు ఖర్చు కంపెనీ స్థాయికి ఏమంత కాదు. 2025 సెప్టెంబర్‌లో యూరప్ వినియోగదారుల సంఘాలు గట్టిగా అడిగేసరికి, అక్కడివాళ్లకు సెట్టింగ్‌లు జతచేసుకోవాలన్న షరతు తీసేసి ఆ ఏడాదిని ఉచితం చేసింది. అదే సౌకర్యం అవే షరతులతో మన దేశానికి రాలేదు. అడిగినవాళ్లకే దక్కింది.

అడిగితే మారతారనడానికి గూగుల్ క్రోమ్‌బుక్‌లు మంచి ఉదాహరణ. అమెరికా బడుల్లో లక్షల్లో వాడే ఈ ల్యాప్‌టాప్‌లకు అప్‌డేట్ల గడువు కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ ప్లాట్‌ఫామ్ వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టేవారు. ఆలస్యంగా కొన్న బడికి అన్నేళ్లు తగ్గినట్టే. పీఐఆర్‌జీ అనే వినియోగదారుల సంస్థ 2023 ఏప్రిల్‌లో దీని మీద నివేదిక వెలువరించింది. ఆ సెప్టెంబర్‌లోనే గూగుల్ గడువును పదేళ్లకు పెంచింది. గట్టిగా అడిగిన ఆరు నెలల్లోపే అది సాధ్యమైంది.

గడువుకూ ఆదాయానికీ ఉన్న ముడిని అన్నిటికంటే స్పష్టంగా చూపింది మాత్రం ఒక ఫోన్ కథ. హార్డ్‌వేరూ సాఫ్ట్‌వేరూ రెండూ యాపిల్‌వే కాబట్టి ఇక్కడ లెక్క దాచడానికి వీల్లేదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు అకస్మాత్తుగా ఆగిపోకుండా 2017 జనవరిలో ఒక అప్‌డేట్‌తో వాటి వేగం తగ్గించారు, ఆ సంగతి వాడేవాళ్లకు సరిగ్గా చెప్పలేదు. డిసెంబర్‌లో బయటపడింది. ఫోన్ ముసలిదైపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లకు, బ్యాటరీ మార్చుంటే సరిపోయేదని అప్పుడు తెలిసింది. యాపిల్ బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. ఏడాది తిరిగాక, 2019 జనవరి 2న మదుపరులకు రాసిన లేఖలో ఐఫోన్ ఆదాయం అంచనా కంటే తగ్గడానికి కారణాలు చెబుతూ టిమ్ కుక్ ఆ చౌక బ్యాటరీలనూ వాటిలో చేర్చాడు. పాతదాన్ని బాగుచేసుకునే వీలు కల్పిస్తే కంపెనీ ఆదాయం తగ్గుతుందని కంపెనీ అధిపతే కాగితం మీద పెట్టాడు. ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది, అమెరికాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి యాపిల్ ఒప్పుకుంది.

మన ఊళ్లలో ఈ భారం మోస్తున్నవాళ్లలో డీటీపీ కేంద్రాలవాళ్లు ఉన్నారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, స్థానిక పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబ్ దాని అభివృద్ధి ఆపేసి ఇన్‌డిజైన్ వైపు రమ్మంది. 2013 నుంచి ఇన్‌డిజైన్ కొత్త వెర్షన్లను చందాకే ఇస్తోంది. అందుకే చాలా చోట్ల మూలన పాత సీపీయూ ఒకటి ఇంకా గుయ్‌మంటూ నడుస్తుంటుంది. దాన్ని తీసేస్తే ఇరవై ఏళ్ల ఫైళ్లు తెరవడం కష్టం, కొత్త ల్యాప్‌టాప్‌లో పాత సీడీ పెట్టే చోటే ఉండదు, పాత ప్రింటర్‌కు కొత్త విండోస్ డ్రైవర్ దొరకదు. ఒక్క కంప్యూటర్ మార్పు ప్రింటర్‌కీ, ఫాంట్లకీ, నెలవారీ చందాకీ దారి తీస్తుంది. ఆ దుకాణం యజమాని పాతదాన్ని పట్టుకు వేలాడుతున్నది మొండితనంతో కాదు, లెక్క చూసుకునే.

చందాల యుగం వచ్చింది కాబట్టి ఈ ఒత్తిడి తగ్గాలి కదా అని ఒక వాదన ఉంది, అందులో సగం నిజం ఉంది. మైక్రోసాఫ్ట్ 2024 ఆర్థిక సంవత్సరం ఆదాయం 245 బిలియన్ డాలర్లు, అందులో విండోస్ వాటా పదో వంతు లోపే. క్లౌడ్ చందా కట్టే మనిషి పాత కంప్యూటర్ మీద కట్టినా డబ్బు డబ్బే. మైక్రోసాఫ్ట్ 365 అప్లికేషన్లకు విండోస్ 10 మీద 2028 అక్టోబర్ వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నది అందుకే. అయితే ఏఐ వచ్చి ఆట మళ్లీ మొదటికి తెచ్చింది. కోపైలట్ ప్లస్ పీసీ కావాలంటే సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్ ఉండాలి, అది పాత యంత్రంలో ఉండదు. విండోస్ 10ను ఆపడం వెనుక ఈ కొత్త పీసీలు అమ్మే ఉద్దేశం ఉందని ఆరోపిస్తూ 2025 ఆగస్టులో కాలిఫోర్నియాలో దావా కూడా పడింది. ఉద్దేశాన్ని కోర్టు తేల్చాలి. ప్రోత్సాహం ఎటువైపు ఉందో తేల్చడానికి కోర్టు అక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ హైదరాబాద్ కేంద్రం 1998 నుంచి పనిచేస్తోంది. కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఈ కోడ్ రాసేవాళ్లలో, పరీక్షించేవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. ఈ వివాదాన్ని దూరపు దేశాల గొడవగా చూడలేం. చెత్త సంగతి కూడా అంతే. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పోగుచేస్తే, పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకు చేరుతుంది. అక్కడ చేతి తొడుగులు కూడా లేకుండా బోర్డులను కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి తీస్తారు. ల్యాప్‌టాప్ జీవితకాలంలో వెలువడే కార్బన్‌లో సింహభాగం తయారీలోనే వెలువడుతుందని యాపిల్ తన మ్యాక్‌బుక్ నివేదికల్లో చూపుతుంది. కొత్తది తక్కువ కరెంటు తింటుందన్న వాదన ఆ లెక్క ముందు నిలవదు.

చట్టాలు ఇప్పుడిప్పుడే కదులుతున్నాయి. కావాలని వస్తువు ఆయుష్షు తగ్గించడాన్ని ఫ్రాన్స్ 2015లో నేరం చేసింది, 2021 చట్టంతో సాఫ్ట్‌వేర్ ద్వారా చేసేదాన్నీ అందులో చేర్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకు, టాబ్లెట్లకు, ఆ మోడల్ అమ్మకం ఆగాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. కంప్యూటర్లు ఇంకా అందులోకి రాలేదు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు పరికరం తయారుచేసినవాళ్లకు, దిగుమతి చేసినవాళ్లకు రీసైక్లింగ్ బాధ్యత పెడతాయి. ఆ పరికరం ఎప్పుడు పనికిరాకుండా పోవాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద అలాంటి బాధ్యత లేదు. నా దృష్టిలో ఈ నియమాల్లోని పెద్ద లోపం ఇదే. పనిచేసే యంత్రానికి అప్‌డేట్లు ఆపాలనుకున్న కంపెనీ, ఆ యంత్రం చెత్త ఖర్చులో వాటా భరించాలి. లేదా ఆ ప్యాచ్‌లను తయారీ ఖర్చుకు అందరికీ ఇవ్వాలి.

ప్రభుత్వాలు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా ఉబుంటు ఆధారిత సిస్టమ్ మీదే పాఠాలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగులోనే లినక్స్ వాడుకునే వీలు కల్పించారు. పార్క్‌లేన్‌లో ధర పడిపోయిన సిక్స్త్ జెన్ ల్యాప్‌టాప్‌లు అలాంటి సిస్టమ్‌తో ఇంకో ఐదారేళ్లు బడి ల్యాబుల్లో నడుస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు కంప్యూటర్ల టెండరు పిలిచేటప్పుడు ర్యామ్ ఎంత, తెర ఎన్ని అంగుళాలు అన్న గళ్ల పక్కన మరో గడి పెట్టాలి: ఏ తేదీ వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తారు, ఆ తర్వాత వేరే సిస్టమ్ ఎక్కించుకోవడానికి అడ్డేమైనా ఉందా. ఆ గడి ఖాళీగా వదిలిన బిడ్డును పక్కన పెట్టడానికి కొత్త చట్టం ఏదీ అవసరం లేదు.